అల్యూమినియం పడవలో తివాచీ మార్చు విధానము

నేతపని వారికి పడవతో పనియేమి అని కొందరు సోదరులు అడుగవచ్చును. పడవతో మనకు పని లేకపోవచ్చును గాని పరచుకొను గుడ్డతో పని కలదు. ఏలూరు ఉన్ని తివాచీ, వరంగల్లు జంపఖానా, భవాని జమక్కాళము, నవల్‌గుంద్ జంఖానా ఇవన్నియు పొడి నేల మీద పరచుటకు పుట్టినవి. పగలెల్ల తడియుచు రాత్రికి ఆరవలసిన నేల మీద గుడ్డ పరచినచో ఆ గుడ్డకు, దాని క్రింది చెక్కకు, చెక్క క్రింది లోహమునకు ఏమి జరుగునో తెలిసికొనుటకు అమెరికా సరస్సులలో తిరుగు అల్యూమినియం చేపల పడవ మంచి ఉదాహరణము. అక్కడ పడవ యజమానులు పలువురు పాత తివాచీని తమ చేతులతోనే ఊడదీసి క్రొత్తది అతికించుకొందురు. ఈ పాఠములో ఆ పని క్రమముగా చెప్పబడినది.

ముందే ఒక్క మాట మనసున నిలుపుకొనవలెను. గుడ్డ తడియుట దోషము కాదు. తడి ఆరక నిలుచుట దోషము. తక్కిన పాఠమంతయు ఈ మాటకు వివరణమే.

1. ఈ పడవలు ఎట్టివి

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసిన పిమ్మట విమానముల కొరకు అల్యూమినియం రేకులను వంచి రివెట్లు కొట్టు విద్య నేర్చిన కార్ఖానాలకు వేరు పని కావలసి వచ్చెను. ఆ విద్యయే చిన్న పడవల తయారీకి మరలినది. మిన్నసోటా రాష్ట్రములో 10 ఎకరములకు మించిన సరస్సులు 11,842 కలవని ఆ రాష్ట్రపు లెక్క. అట్టి చోట ఇద్దరు మోసుకొనిపోగల తేలికపాటి పడవకు గిరాకి కలుగుట సహజమే గదా.

మొదటి పడవలలో ఉన్నది ఒట్టి రేకు, అడ్డముగా రెండు బల్లలు మాత్రమే. కాలక్రమమున చేపలు పట్టువారు నిలుచుండి గాలము వేయుటకు ప్లైవుడ్ పలకల నేల, ముందు వెనుకల ఎత్తు అరుగులు, సామాను దాచు అరలకు మూతలు ఏర్పడినవి. ఒట్టి రేకు ఎండకు కాలును, తడికి జారును, అడుగు పెట్టినపుడెల్ల మ్రోగును. ఆ మ్రోతకు చేపలు బెదరునని వేటకాండ్ర మాట. ఈ మూడు ఇబ్బందులను తీర్చుటకు పలకలపై తివాచీ వచ్చినది.

కావున నేలలో నాలుగు పొరలు కలవు: పైన తివాచీ, దాని క్రింద జిగురు, దాని క్రింద చెక్క, అడుగున లోహము. కంటికి కనబడునది పై పొర ఒక్కటే. కీడు మాత్రము తరచుగా క్రింది మూడింటిలో నుండును.

2. ఏ పోగు, ఎందుకు

పడవ తివాచీ సాధారణముగా పాలీప్రొపిలీన్ అను కృత్రిమపు పోగుతో చేయబడును. ఈ పదార్థమును 1954లో ఇటలీ దేశపు రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా గట్టి స్ఫటిక రూపమున సాధించెను. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. మన ఇండ్లకు బియ్యమును సిమెంటును మోసుకొని వచ్చు తెల్లని ప్లాస్టిక్ సంచులు నేయునది ఈ పదార్థముతోనే.

నూలు వ్యాపారములో తేమ లెక్క మనకు క్రొత్త కాదు. ఆరబెట్టిన నూరు పాళ్ల పోగు మామూలు గాలిలో ఎంత తేమ పట్టునో దానిని రిగెయిన్ అందుము. ప్రత్తి నూలుకు ఇది 8.5, జనపనారకు 13.75, ఉన్నికి దాదాపు 16. పాలీప్రొపిలీన్‌కు మాత్రము సున్నకు మిక్కిలి దగ్గర. పైగా అది నీటికంటె తేలిక. నీట వేసిన తేలును.

నీరు త్రాగని పోగు రంగును కూడ త్రాగదు. తొట్టిలో ముంచి అద్దకము చేయుటకు అది లొంగదు. అందుచేత పదార్థము కరిగియున్నపుడే రంగుముద్దను కలిపి, ఆ పిమ్మట పోగుగా లాగుదురు. ఇట్లు చేసిన రంగు పోగు నడిమి వరకు ఉండును గనుక సబ్బుకు, ఎండకు సులభముగా పోదు. అయితే పోగుకే ఎండ శత్రువు. బియ్యపు సంచిని కొన్ని నెలలు ఎండలో వదలినచో చేతిలో పొడిపొడియగుట చూచియేయుందుము. ఎండను తట్టుకొను మందు కలిపిన పోగు కాదేని పడవ తివాచీకి అదే గతి. కొనునపుడు ఆరుబయట వాడకమునకు, పడవకు తగినదేనా అని అడిగి తీసికొనవలెను.

ఈ తివాచీలలో అనేకములకు పడుగు పేకలు లేవు. పోగుల దుప్పటిని ముండ్ల సూదులతో వేలమార్లు గుచ్చి, ఒకదానిలో నొకటి చిక్కుపడునట్లు చేయుదురు. బరువును చదరపు గజమునకు ఔన్సులలో చెప్పుదురు. 16 ఔన్సులనగా చదరపు మీటరుకు సుమారు 540 గ్రాములు. 20 ఔన్సులనగా సుమారు 680 గ్రాములు. బరువు హెచ్చినకొలది కాలికి మెత్తన, అరుగుదలకు ఓర్పు కలుగును గాని మూలల యొద్ద మడచుట కష్టము, ఆరుటయు ఆలస్యము.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగించుకొనవలెను. పోగు నీరు త్రాగదు గనుక గుడ్డ తడి నిలుపదని అనుకొనరాదు. పోగు వేరు, గుడ్డ వేరు. పోగుకు పోగుకు నడుమ సందులలో నీరు నిలుచును. జల్లెడ ఇనుముదైనను దాని కన్నులలో నీటిబొట్లు నిలుచుట లేదా? పైన గాలి తగిలి తివాచీ ఆరినట్లు చేతికి తోచును. అడుగున, చెక్కను అంటియున్న చోట, రోజుల తరబడి చెమ్మ ఉండును. వెనుక మందమైన స్పంజి అతికిన గదుల తివాచీని పడవలో వేయరాదనుటకు కారణమిదే. వెనుక జనపనార గుడ్డ గల తివాచీ అసలే పనికిరాదు. ఆ నార కుళ్లి, పైపోగులు ఊడిపోవును.

3. అడుగున జరుగు నష్టము

చెమ్మ మొదట చెక్కను పట్టును. ప్లైవుడ్ పై ముఖము కంటె కోసిన అంచులు నీటిని హెచ్చుగా పీల్చును. ఏలయన అక్కడ నార కొనలు తెరచుకొని యుండును. మరలు బిగించిన రంధ్రములును అట్టివే. అంచున మొదలైన తడి లోపలికి ప్రాకి, పొరలు విడి, బూజు పట్టి, చెక్క మెత్తబడును. పైన తివాచీ బిగువుగా ఉన్నంతకాలము ఇది తెలియదు. ఒకనాడు సరస్సు నడుమ నిలుచున్నవాని కాలు నేలలో దిగబడినపుడు తెలియును.

తరువాత లోహము. అల్యూమినియం గాలి తగిలిన వెంటనే తన మీద పలుచని ఆక్సైడు పొరను కల్పించుకొనును. దానికి అదియే కవచము. తడి గుడ్డయో తడి చెక్కయో ఎడతెగక అంటియున్న చోట గాలి చొరదు, చెదిరిన పొర మరల కట్టుకొనదు. అట్టి చోట తెల్లని పొడి కనబడును. పొడి తుడిచిన క్రింద సూది గుంటలుండును. రేకు మందము అంగుళములో పదవ వంతుకు మించని పడవలే హెచ్చు. గుంట లోతెక్కినకొద్ది రంధ్రమగుటకు ఎంతో దూరము లేదు.

4. రాగి మందు పట్టించిన చెక్క

ఈ పాఠములో మిక్కిలి ముఖ్యమైన భాగమిది. చెక్క కుళ్లినదని చూచినవాడు, ఈసారి కుళ్లని చెక్క వేయుదమని తలచి మందు పట్టించిన ప్లైవుడ్ కొనితెచ్చును. తలంపు మంచిదే, ఫలితము చెడ్డది.

చెక్కకు చెదలు, కుళ్లు పట్టకుండ రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణములు కలిపి ఎక్కించు పద్ధతిని 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం కనిపెట్టెను. సొంటివారి ఇంటిపేరు తెలుగు పాఠకులకు పరిచయమైనదే. టెలిఫోను స్తంభములకు, గృహముల అరుగులకు ఈ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. ఆర్సెనిక్ విషము కారణముగా అమెరికాలో 2003 అంతమున ఇండ్ల ఉపయోగమునకు దీనిని విరమించిరి. దాని స్థానమున వచ్చిన మందులలో ఆర్సెనిక్ లేదు, రాగి పాలు మాత్రము హెచ్చు. లోహమును కొంత కాపాడుచుండిన క్రోమియమును వాటిలో లేదు.

నేల మీద ఈ చెక్క ఎంత మేలైనదో అల్యూమినియం మీద అంత కీడైనది. చెక్క తడిసినపుడు రాగి లవణము కొంచెము కొంచెముగా ఊరి లోహము మీదికి వచ్చును. తడిలో రాగియు అల్యూమినియమును కలిసిన చోట చిన్న విద్యుత్ ఘటము ఏర్పడును. అందు కరిగిపోవునది ఎల్లప్పుడు అల్యూమినియమే. కుళ్లని చెక్క మిగులును, రేకు మిగులదు. మంచినీటి సరస్సులో ఇది నెమ్మదిగా జరుగును. ఉప్పునీటిలో మరింత వేగము. గౌతమీ గోదావరి ఆటుపోటులకు ఇనుప మేకుల గతి యానాం సోదరులు ఎరిగినదే.

చెక్కలోని రాగి మాత్రమే కాదు. అమెరికా సెంటు నాణెము 1982 వరకు నూటికి 95 పాళ్లు రాగి. అట్టి నాణెము జేబునుండి జారి పడవ అడుగు తడిలో పడియున్నచో, అది పడియున్న చోటనే లోహము తినివేయబడును. గాలమునకు కట్టు సీసపు గుండ్లును అట్టివే. తివాచీ మార్చునపుడు అడుగంతయు ఊడ్చి ఇట్టివానిని ఏరివేయవలెను.

కావున వేయవలసిన చెక్క ఏది? మందు పట్టించని, నీటికి విడిపోని జిగురుతో చేసిన ప్లైవుడ్. దొరికినచో పడవలకని చేసిన మేలు రకము. కుళ్లు రాకుండ దానిని బయటనుండి పూతతో కాపాడవలెను గాని లోపల రాగితో కాదు.

5. పాత తివాచీ తీయుట

పనికి ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. పెట్రోలు తొట్టిని తీసివేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. పడవ అడుగున చేరి నిలుచును. నిప్పురవ్వ పుట్టించు పనిముట్టును గాని, వేడిగాలి గొట్టమును గాని ఆవిరి పూర్తిగా పోయిన తరువాతనే దగ్గరకు తేవలెను. ఈ విషయమున తొందర పనికిరాదు.

తరువాత ప్రతి మూతను, పలకను, మరను ఊడదీయుచు వాని స్థానమును సుద్దతో గుర్తు వేసికొనవలెను. పలకలు పడవ బయటికి వచ్చునేని తెచ్చియే పని చేయుట మేలు. తివాచీని ఒక్క పెట్టున లాగ ప్రయత్నించిన చేతులకు నొప్పి తప్ప ఫలము లేదు. కొక్కెపు కత్తితో అడుగు వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కొక్క పట్టీని చివరనుండి వెనుకకు మడచి లాగవలెను. పాత తివాచీ ముక్కలను పారవేయక ముందు వాని కొలతలు, కోతలు కాగితము మీద వ్రాసికొనవలెను. అవియే క్రొత్తవానికి నమూనాలు.

మిగిలిన జిగురును గట్టి చెక్క మీద గీకుడు బద్దతో, గరుకు కాగితముతో తీయవచ్చును. అల్యూమినియం మీద ప్లాస్టిక్ బద్ద గాని, మొద్దు అంచు గల కర్ర బద్ద గాని వాడవలెను. మామూలు ఇనుప తీగల కుంచెతో రుద్దరాదు. ఇనుప రజను లోహములో దిగి త్రుప్పు పట్టి క్రొత్త గుంటలకు మొదలగును.

నేతపని వారి చేతికి సులభముగా అందు రెండు వస్తువులను ఇక్కడ వాడరాదని ప్రత్యేకముగా చెప్పవలెను. ఒకటి కాస్టిక్ సోడా. నూలును పదును చేయు ఆ క్షారము అల్యూమినియమును బుసబుస పొంగించుచు తినివేయును. వెలువడు హైడ్రోజన్ వాయువు మండునట్టిది. రెండవది బ్లీచింగ్ పొడి. దానిలోని క్లోరిన్ లోహపు కవచమును చెదరగొట్టును. మామూలు సబ్బునీరు, మంచినీరు చాలును. జిగురు కరిగించు ద్రావకము తప్పనిసరియైనచో గాలి వీచు చోట, నిప్పుకు దూరముగా వాడవలెను.

పాత చెక్క మందు పట్టించినదని అనుమానమున్నచో దానిని పొయ్యిలో పెట్టరాదు. దాని పొగలోను బూడిదలోను ఆర్సెనిక్ ఉండును. రంపముతో కోయునపుడు ముక్కునకు గుడ్డ కాదు, తగిన ముసుగే ధరించవలెను.

6. పరీక్ష

తివాచీ లేచిన దినమే పడవకు నిజమైన పరీక్ష దినము. ఈ పరీక్ష చేయక క్రొత్త గుడ్డ పరచినవాడు జబ్బును దుప్పటితో కప్పినవాడగును.

చెక్కను బోడి మరత్రిప్పుతో ప్రతి జానెడు దూరమున పొడిచి చూడవలెను. గట్టిగా తగిలిన మంచిది. దిగబడిన ఆ పలకను మార్చవలెను. అంచులు, మరల రంధ్రములు, మూతల చుట్టు మరింత శ్రద్ధగా చూడవలెను. సుత్తి పిడితో తట్టిన మంచి చెక్క గట్టిగా పలుకును, పొరలు విడినది బొళ్లుమనును.

నేల క్రింద అనేక పడవలలో నురుగు దిమ్మెలుండును. పడవ నీట నిండినను మునుగక తేలునట్లు చేయుట వాని పని. 20 అడుగులకు లోబడిన పడవలకు ఇట్టి తేలుడు ఏర్పాటు ఉండవలెనని అమెరికా నియమములు కలవు. ఆ దిమ్మె ఘనపుటడుగుకు సుమారు 2 పౌనులు తూగును. అంత చోటు నీటితో నిండినచో సుమారు 62 పౌనులు. నీరు పీల్చిన దిమ్మె ప్రాణము కాపాడుటకు బదులు పడవను క్రిందికి లాగు బరువగును. చలికాలమున ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచించి దిమ్మెను చీల్చును. దిమ్మె అడుగున ఒక ముక్క కోసి పిండి చూచి, నీరు కారినచో మార్చవలెను. మార్చునపుడు తీసినంత పరిమాణము తిరిగి వేయవలెను. నీరు పోవు కాలువను మూయరాదు.

చివరకు లోహము. తెల్లపొడి గల చోటులను శుభ్రము చేసి, గుంటల లోతు చూడవలెను. సందేహము గల రివెట్టును, రంధ్రమును అతుకు పని తెలిసినవారికి చూపవలెను. పడవలో నీరు పోసి వెలుపల ఎక్కడ చెమ్మగిల్లునో చూచుట సులభమైన పద్ధతి.

7. చెక్కకు పూత

క్రొత్త పలకను పాతదాని ఆకారమున కోసి, రంధ్రములన్నియు ముందే చేసికొని, ఆ తరువాత పూత వేయవలెను. పూత వేసిన పిమ్మట కోసినచో ఆ కోత నగ్నముగా మిగులును. ఎపాక్సీ గాని, పడవలకు వాడు మేలైన వార్నీషు గాని రెండు మూడు పూతలు రెండు ముఖములకును వేయవలెను. అంచులకు మరియొకటి హెచ్చుగా వేయవలెను. గంజి పెట్టునపుడు పోగు పోగుకు అందవలెనని మనము చూచునట్లే ఇక్కడ నార నారకు పూత అందవలెను. పూర్తిగా ఆరినదాక ఆగవలెను.

చెక్క లోహమును తాకు చోట పలుచని ప్లాస్టిక్ పట్టీ వేసినచో రెండింటి నడుమ తడి నిలుపుదల తగ్గును.

8. కొలత, కోత

ఇది మన విద్య. అయినను చదరపుటడుగుల లెక్క చూచి గుడ్డ కొనినవాడు ఇక్కడ మోసపోవును. ఒక ఉదాహరణ తీసికొందము. నేల 9 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ముందు అరుగు 5 అడుగులు, 5 అడుగులు. వెనుక అరుగు 3 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. మొత్తము 76 చదరపుటడుగులు. 6 అడుగుల పన్నా గల చుట్టలో 13 అడుగులు చాలునని తోచును.

కాని ప్రతి అంచున 3 అంగుళములు క్రిందికి మడవవలెను. అందుచేత నేల ముక్క 9½ × 4½, ముందుది 5½ × 5½, వెనుకది 3½ × 5½ అగును. ముక్కలన్నింటికి బొచ్చు వాలు ఒకే దిక్కున ఉండవలెను. ఒకటి అడ్డము త్రిప్పినచో ఎండలో రెండు రంగులవలె కనబడును. కావున మూడింటిని ఒకదాని తరువాత ఒకటి పొడవునకే అమర్చవలెను. 9½, 5½, 3½ కలిపిన 18½ అడుగులు. నేల ముక్క ప్రక్కన మిగులు 1½ అడుగుల పట్టీలో 1 × 2 అడుగుల మూతలు రెండింటికి ముక్కలు వచ్చును. కోత తప్పులకు కొంత కలిపి 20 అడుగులు కొనవలెను. 16 ఔన్సుల రకమైనచో ఈ గుడ్డ సుమారు 13 పౌనులు, అనగా 6 కిలోలు తూగును.

మూతల యొద్ద మందము లెక్క మరువరాదు. తివాచీ మందము పావు అంగుళమనుకొందము. మూత రెండు ప్రక్కల చుట్టిన అర అంగుళము పెరుగును. మూత కూర్చుండు తెరపు అంచులకు కూడ చుట్టినచో మరియొక అర అంగుళము. అనగా మూత చెక్క తెరపు కంటె ఒక అంగుళము తక్కువ ఉండవలెను. పాతదాని కంటె మందమైన తివాచీ తెచ్చి, మూత పట్టలేదని విచారించువారు ఈ లెక్క చూడనివారే.

9. అతికించుట

పడవ తివాచీకని చేసిన, నీటికి ఓర్చు జిగురు కొనవలెను. వేడిమి 10 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గిన దినమున పని చేయరాదు, మండుటెండలోనూ కూడదు. డబ్బా మీద వ్రాసిన సమయములే ప్రమాణము.

ముందు తివాచీని ఎండలో పరచి చుట్ట మడతలు పోగొట్టవలెను. పలక మీద తివాచీ పరచి, సగము వెనుకకు మడచి, బయటపడిన చెక్కకు పళ్ల తాపీతో జిగురు సమముగా పూయవలెను. కొద్దిసేపు ఆగి, వ్రేలికి అంటుకొనునట్టి బంక పదునుకు వచ్చినపుడు తివాచీని నెమ్మదిగా దింపి, నడుమనుండి అంచులకు రోలరుతో నొక్కవలెను. తరువాత రెండవ సగము. గాలి బుడగ మిగిలిన చోట రేపు నీరు చేరునని జ్ఞాపకముండవలెను. తివాచీని సాగదీసి అతికింపరాదు; బిగువు పడుగుకు మేలు గాని అతికిన గుడ్డకు కాదు, అది తిరిగి ముడుచుకొని అంచులను లేపును.

మూలలలో మడతలు లావు కాకుండ కోణము తీసి కత్తిరించి, రెండంచులు కలియునట్లు మడవవలెను. క్రింది ముఖమున మడత పట్టీ మాత్రమే ఉండవలెను. అడుగంతయు గుడ్డ కప్పినచో చెక్క ఊపిరాడక తడి నిలుచును. పిన్నులు కొట్టినచో స్టెయిన్‌లెస్ ఉక్కువే కొట్టవలెను. ఇనుప పిన్నులు త్రుప్పు మరకలు వేయును.

10. మరలు బిగించుట

తివాచీ మీదనుండి బరమాతో నేరుగా రంధ్రము చేయరాదు. త్రిరుగు బరమాకు ఒక పోగు చుట్టుకొన్నచో క్షణములో జానెడు చాలు ఊడివచ్చును. చాలు తెగిన గుడ్డ బాధ మనకు వేరుగా చెప్పనక్కరలేదు. కాలిన ఇనుప మొనతో గుచ్చినచో పోగులు కరిగి అంచు గట్టిపడును. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీలకే కరుగును. పెట్రోలు దగ్గర లేనిచోట, పలక పడవలో దించకముందే ఈ పని ముగించవలెను.

చెక్కలోని రంధ్రమున కొంచెము నీటిబంక వేసి మర బిగించవలెను. మరలు స్టెయిన్‌లెస్ ఉక్కువి కావలెను. ఇత్తడివి కూడదు, ఇత్తడిలోనిది రాగియే గదా. స్టెయిన్‌లెస్ మర లోహములో దిగు చోట కూడ దానికని అమ్ము లేపనము పూసినచో రెండు లోహముల నడుమ తడి చేరదు.

11. తరువాతి సంరక్షణ

ఒడ్డుకు వచ్చిన వెంటనే అడుగు బిరడా తీసి, పడవ ముందు భాగమును ఎత్తుగా నిలిపి నీరు పోనీయవలెను. మూతలన్నియు తెరచి గాలి తగులనీయవలెను. తడి పడవ మీద కప్పుడు గుడ్డ వేయుట అన్నింటికంటె చెడ్డ అలవాటు. వానకు కప్పితిమని యజమాని సంతోషించును గాని లోపలి తడిని బంధించినవాడగును.

తివాచీయే వలదని కొందరు ఇప్పుడు వినైల్ నేల వేయించుచున్నారు. గాలపు కొక్కెములు చిక్కుకొనవు, చేప వాసన పట్టదు, కడిగిన వెంటనే ఆరును. ఎండకు కాలుట, తడిగా ఉన్నపుడు కొన్ని రకములు జారుట వీని లోపములు. వీనిలో నేసిన వినైల్ అనునది మనము గమనింపదగినది. వినైల్ పూసిన పోగును పడుగు పేకలుగా మగ్గముల మీద నేసి, వెనుక పట్టు వేసి అమ్ముచున్నారు. సూదిగుచ్చిన గుడ్డ వచ్చి నేసిన గుడ్డను పడవలోనికి రానీయని చోటికి, పోగు మారిన పిమ్మట నేత తిరిగి ప్రవేశించినది. తడి నేల, ఎండ నేల, జారు నేల ఇవి ఏ గుడ్డను అడుగుచున్నవో తెలిసికొనిన నేతగానికి పని దొరకునను మాట ఇందు స్పష్టము.

పునశ్చరణ

ఈ పాఠము చదివిన సోదరులు, ముఖ్యముగా శిక్షణ పొందు యువకులు, క్రింది ప్రశ్నలకు తమ మాటలలో జవాబులు వ్రాసి చూచుకొనవలెను.

1. పోగు నీరు త్రాగకపోయినను గుడ్డ తడిని ఎట్లు నిలుపును?
2. రాగి మందు పట్టించిన చెక్క ఇంటి అరుగుకు మేలై, అల్యూమినియం పడవకు కీడగుటకు కారణమేమి?
3. 76 చదరపుటడుగుల నేలకు 6 అడుగుల పన్నాలో 13 అడుగులు ఎందుకు చాలవు?
4. కాస్టిక్ సోడాను, బ్లీచింగ్ పొడిని ఎందుకు వాడరాదు?
5. క్రొత్త తివాచీ పరచుటకు ముందు పరీక్షింపవలసిన మూడు పొరలు ఏవి?

ఐదవ ప్రశ్నకు జవాబు తెలిసినవాని పడవ నిలుచును. తివాచీ అందమునకు పైన నుండును. పడవలో నిలుచున్నవాని ప్రాణము మాత్రము దాని క్రింది చెక్క మీద, లోహము మీద, నురుగు దిమ్మె మీద ఆధారపడియుండును.